కోటుకు అంటిన బొగ్గుల వాసన

1984 ఏప్రిల్. చికాగో శివారు షామ్‌బర్గ్‌లో ఒక శనివారం ఉదయం. కాఫీ తాగి, కోడలి కోటు దులిపి తగిలించబోయిన శేషమ్మ ఆగిపోయింది. కోటు నిండా బొగ్గుల పొగ, కాల్చిన మాంసం వాసన. జేబులో నూనె మరకల కాగితం.

"లలితా, ఏమిటే ఇది?"

స్టవ్ దగ్గరున్న లలిత వెనక్కి తిరిగింది. దాచాలనిపించలేదు. "కబాబుల పొట్లం అత్తయ్యా. చికాగోలో డెవాన్ వీధిలో పాకిస్తాన్ వాళ్ల షాపుంది. ఇంట్లోకి తేలేదు, కార్‌లోనే తిన్నాను."

పేపర్ చదువుతున్న కృష్ణమూర్తి లేచాడు. "పెళ్లికి ముందు నాకేం మాటిచ్చావు?"

"మాంసం మానేస్తానన్నాను. తొమ్మిదేళ్లు మానేశాను కూడా."

"మరి ఇప్పుడేమొచ్చింది? అమ్మ ఉండగానే మొదలుపెట్టాలా?"

లలిత స్టవ్ ఆపేసింది. డిసెంబరులో, ఐదో నెల నిండాక, ఆమెకు కడుపు పోయింది. పురుటికని ముందే టికెట్ కొనుక్కున్న శేషమ్మ, సంగతి తెలిసినా మార్చిలో వచ్చేసింది. హాస్పిటల్ నుంచి వచ్చాక ఆ ఇంట్లో ఆమెతో ఎవరూ ఆ ఊసు మాట్లాడలేదు.

"అన్నం గొంతు దిగడం లేదండీ. మీరు చూడలేదు. ఒకరోజు డ్యూటీ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తుంటే ఆ వీధిలో ఈ వాసనొచ్చింది. ఆకలేసింది. అన్ని రోజుల తర్వాత ఆకలేసింది! వేడివేడి సీక్ కబాబు నాన్‌లో చుట్టిచ్చారు. ఆ చట్నీ ఘాటుకి కళ్లల్లో నీళ్లొస్తాయి. అక్కడ ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగరు. అందుకే మళ్లీ వెళ్లాను."

"నాకు చెప్పొచ్చుగా?"

"పాప మాటెత్తితే టీవీ పెట్టుకున్నారు. ఎవరికి చెప్పను?"

కృష్ణమూర్తి గరాజ్‌లోకి వెళ్లిపోయాడు.

శేషమ్మ చాలాసేపు కోడలి మొహం చూసింది. బుగ్గలు లోపలికి పోయాయి. నెలన్నరగా ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ ఇది గమనించనేలేదే అనుకుంది.

"ఆ కొట్టు ఎన్నింటికి తెరుస్తారు?"

"అత్తయ్యా..."

"నేను దిగను, కారులో కూర్చుంటాను. దొంగచాటుగా ఒక్కదానివే తింటే ఒంటికేం పడుతుంది? మూర్తీ, బండి తియ్యరా!"

షాపు ముందు కృష్ణమూర్తే దిగాడు. గాజు తలుపు వెనక ఎర్రటి నిప్పుల మీద చువ్వలు వరసగా కాలుతున్నాయి. కొవ్వు చుక్క పడినప్పుడల్లా మంట ఎగుస్తోంది. పొట్లం తెచ్చి లలిత ఒళ్లో పెట్టాడు. వెనక సీట్లో శేషమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో కోడలి భుజం నిమిరింది.

"తినవే, చల్లారిపోతుంది."

లలిత తింటోంది. కృష్ణమూర్తి కారు స్టార్ట్ చేయలేదు. అద్దంలోంచి ఎదురుగా చూస్తూ మెల్లగా అన్నాడు.

"వచ్చే గురువారం. ఇరవై ఆరు."

లలిత నమలడం ఆపింది. డాక్టర్ చెప్పిన పురుటి తేదీ అది. తనకొక్కదానికే గుర్తుందనుకుంది ఇన్నాళ్లూ.

"రోజులు లెక్కపెడుతూనే ఉన్నాను లలితా. నోరు తెరిస్తే ఏడ్చేస్తానని..." మాట పూర్తికాకుండానే స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

లలిత పొట్లం పక్కన పెట్టి అతన్ని దగ్గరకు తీసుకుంది. శేషమ్మ ముక్కుకు అడ్డం పెట్టుకున్న కొంగు కళ్లకు ఒత్తుకుంది.