వర్ణిక నిలవని ముఖం

దేవుడికి పూత దేనికి? ఇందుమతికి చిన్ననాటి నుంచీ ఉన్న సందేహం ఇది. సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉంటాడు, ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. మరి మిగతా రోజుల్లో మనం చూసి దణ్ణం పెట్టుకున్నది ఎవరికి? తండ్రిని అడిగితే చల్లదనానికమ్మా అన్నాడు. అర్చకుణ్ణి అడిగితే ఆ ఉగ్రరూపాన్ని మనం తట్టుకోలేమన్నాడు. రెండు జవాబులూ ఆమెకు సరిపోలేదు. యాభయ్యో ఏట, దేవుడి దగ్గర దీపం పెట్టి ప్రయోగశాలకు బయలుదేరే ప్రతి ఉదయమూ ఆ ప్రశ్న ఆమె వెంటే వచ్చేది. ఎందుకంటే ఇప్పుడు లోకానికి పూత తయారుచేస్తున్నది తనే.

2081లో విశాఖపట్నంలో అద్దం ముందు కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. 'వర్ణిక' ఒక్కసారి రాసుకుంటే ఏడాది ఉంటుంది. అది రాసుకున్న ముఖం తెల్లవారేసరికి తేటపడుతుంది, పెళ్లిపందిట్లో మెరుస్తుంది, చావింటి గుమ్మంలో తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. డబ్బా ఉసిరికాయంత. ఖరీదు మాత్రం చిన్న ఉద్యోగి ఏడాది జీతం. కొనకముందు "అంత పెట్టాలా?" అని మూతి విరిచినవాళ్లే కొన్నాక "పెట్టొచ్చమ్మా, తప్పులేదు" అనేవారు.

దాని కిటుకు రంగులో లేదు. వర్ణికలో ఉన్నవి బతికున్న రంగుకణాలు. చర్మం కింది నాడుల్లో ఎప్పుడూ సన్నని విద్యుత్ స్పందన ఉంటుంది. మనిషి స్థిమితంగా ఉంటే అది ఒక లయలో నడుస్తుంది, జంకితే చెదురుతుంది. ఆ లయ దొరికితేనే రంగుకణాలు చర్మానికి పట్టుకుంటాయి. దొరక్కపోతే ఎండిన పిండిలా రాలిపోతాయి.

అప్పలనర్సమ్మ ముఖం మీద అవి రాలిపోయాయి.

అప్పలనర్సమ్మ ప్రయోగశాల క్యాంటీన్లో వంటమనిషి. పన్నెండేళ్ల కిందట ఆవిరి గొట్టం పగిలి ఎడమ చెంప కాలింది. అప్పటినుంచీ ఆమె గోడ వెనకే వండేది, గోడకున్న చిన్న కిటికీలోంచి గిన్నెలు బయటికి వచ్చేవి. ఆమె పప్పు మెచ్చుకోనివాళ్లు లేరు, ఆమె ముఖం చూసినవాళ్లూ లేరు. ఇప్పుడు క్యాంటీన్ మార్చి కడుతున్నారు. సోమవారానికి గోడ ఉండదు. వండినవాళ్లే ఎదురుగా నిలబడి వడ్డించాలి.

"నానొల్లను. పని మానీసి ఇంటికాడ కూకుంటాను" అంది అప్పలనర్సమ్మ.

అది విని ఇందుమతి తన వాటాగా వచ్చిన డబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. నాలుగు రోజులకే అది పొలుసులుగా లేచింది.

"పప్పులో రాల్తాదేమోనని బయమేసి కడిగీసినానమ్మా. మాలాటోళ్లకి నిలిసేది కాదులే."

శనివారం ఉపవాసంతో ఉన్న ఇందుమతి, ఆ సాయంత్రం పరీక్షాయంత్రం 'నికష' ముందు కూర్చుంది.

"ఉచితంగా ఇచ్చినవాళ్ల లెక్క చెప్పు."

"కాలిన గాయాలున్న రెండువందల పన్నెండు మందికి ఇచ్చాం. పదకొండు మందికి నిలిచింది" అంది నికష.

"కొన్నవాళ్లలో?"

"నూటికి తొంభై ఏడుగురికి."

"డబ్బాలో తేడా ఉందా?"

"లేదు. కొన్నవాళ్లు ఇది నాది అనుకుంటున్నారు. తీసుకున్నవాళ్లు ఇది నాకు తగునా అనుకుంటున్నారు. ఆ జంకు నాడుల్లో కనిపిస్తోంది."

ఇందుమతి పరుగున డైరెక్టర్ త్రివిక్రమరావు గదికి వెళ్లి ఆ లెక్కా, అప్పలనర్సమ్మ సంగతీ చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఇప్పుడా తెలిసింది మీకు? ఉప్పులేని పప్పూ ధరలేని వర్ణికా ఒకటేనండీ. అందులో అసలు దినుసు ధరే. ఆవిడ జీతంలోంచి కోసుకున్నామని ఒక రసీదు రాసివ్వండి. నిలుస్తుంది."

"ఆవిడ కట్టలేదు కదండీ."

"కట్టాననుకుంటే చాలు."

అన్నాక ఇందుమతి తన మాట తనే దిద్దుకుంది: "కట్టింది సార్. అందరికన్నా ఎక్కువ ఆవిడే కట్టింది."

త్రివిక్రమరావు తలుపు మూశాడు. ఆ సంగతి ఆ ఇద్దరికే తెలుసు. వర్ణిక మూలకణాలు అప్పలనర్సమ్మ కుడి బుగ్గవి. పదకొండేళ్ల కిందట క్యాంటీన్ పనివాళ్ల మీద ప్రయోగానికి అనుమతి రావాలంటే నెలలు పట్టేది. తొందరలో ఇందుమతి సూది గుచ్చి కణాలు తీసుకుని, ప్రయోగం కాగితాల్లోనూ పేటెంటులోనూ తన బుగ్గవని రాసింది. మొదటి డబ్బా నీకేనని ఆమెకు మాట కూడా ఇచ్చింది. తరవాత బిరుదులొచ్చాయి, మాట వెనకబడింది.

"అది ఈ గది దాటితే పేటెంటు పోతుంది. దానికన్నా ముందు మీరు పోతారు" అన్నాడాయన.

ఆదివారమంతా ఇందుమతికి కాలు నిలవలేదు. పూజలో కూర్చుంటే మంత్రం మధ్యలో ఆగింది. భర్త "ఒంట్లో బాగాలేదా?" అని రెండుసార్లు అడిగాడు. సోమవారం తెల్లవారగానే పేటెంటు కార్యాలయానికి ఒక ఉత్తరం పంపి, కొత్త డబ్బాతో తిన్నగా వంటింటికి వెళ్లింది. గోడ లేదు. అప్పలనర్సమ్మ కొంగు ఎడమ చెంపకు అడ్డం పెట్టుకుని పప్పు కలుపుతోంది.

"నర్సమ్మా, ఇది నేను నీకు ఊరికే ఇస్తున్నది కాదు. ఊళ్లో అమ్మిన ప్రతి డబ్బాలో ఉన్నదీ నీ బుగ్గే. నాదని రాసుకున్నాను. అబద్ధం రాశాను."

గరిటె ఆగింది.

"సూది గుచ్చినావు. మూడ్నాళ్లు సలిపింది. దేనికమ్మా అనడిగితే పరీచ్చకి అన్నావు."

"అవును."

"నా బుగ్గని ఇసాపట్నం ఆడోళ్లందరికీ పూసీసి, ఇన్నాళ్లకి నాకు ముష్టేసినావా? తగునా తగదా అని నాలుగు రోజులు నాను నిదరోనేదు తల్లీ!"

ఆమె గొంతుకి కూరలు తరుగుతున్నవాళ్లు చేతులు ఆపారు. ఇందుమతి తల దించుకుంది. అప్పలనర్సమ్మ డబ్బా లాక్కుని మూత తీసి, గోడకు సున్నం కొట్టినట్టు రెండు చెంపలకూ పట్టించింది. కొంగు సంగతి ఆమెకు గుర్తులేదు.

ఇందుమతి మణికట్టు మీది చిన్న నికష పలికింది: "పట్టుకుంటోంది."

"ఇంత కోపంలోనా?" అంది ఇందుమతి గుసగుసగా.

"కోపం ఉంది. జంకు లేదు."

మధ్యాహ్నానికి కాలిన చెంపా కాలని చెంపా ఒకే మనిషివి అయ్యాయి. కణాలు పుట్టింటికి వచ్చినట్టు సర్దుకున్నాయి. వరసలో అందరికన్నా ముందు త్రివిక్రమరావు పళ్లెం చాపి, ఆమెను ఎగాదిగా చూశాడు.

"కొత్తగా చేరావా?"

"పదమూడేళ్లయినాది బాబూ. మీరు సూడనేదు."

ఆయన పళ్లెం పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. వెనకే ఇందుమతి వచ్చింది. అప్పలనర్సమ్మ గరిటె ఎత్తి పట్టుకుని అడిగింది:

"కాయితంలో పేరు మార్చినావా?"

"పొద్దున్నే పంపేశాను."

"నీ పని?"

"పోతుంది."

అప్పలనర్సమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తరవాత నిండా పప్పు వేసి, దాని మీద చెంచాడు నెయ్యి పోసింది.

"బాకీ తీరిపోయినాది. ఎల్లి తిను."