తుప్పు వినే చెవి

జీపు కింద పెట్టిన యంత్రం తన రాగి చెవిని విరిగిన బోల్టు మీద ఆనించి నిమిషం నుంచీ వింటోంది. షెడ్డులో అందరితో పాటు మెకానిక్ మస్తాన్ కూడా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కాకపోతే వాళ్ళు అది గెలవాలని చూస్తున్నారు, ఇతను ఓడిపోవాలని.

ఆ రోజులకి బెజవాడ ఆటోనగర్ సుత్తి చప్పుళ్ళు మరిచిపోయింది. అన్నీ కరెంటు బళ్ళే. పెట్రోలు బళ్ళు ఊరంతా వెతికితే ఏ పాతికో ఉంటాయి. వాటిల్లో ఒకటి ఈ జీపు. షెడ్డు యజమాని హైమవతిది, అంతకుముందు వాళ్ళమ్మది. ఆవిడ పోయి ఆరేళ్ళు. వెనక కమాను పట్టీ మార్చాలంటే ఛాసిస్‌లో ఒక బోల్టు ఊడాలి. దాన్ని ఆవిడే స్వయంగా బిగించింది. ఇప్పుడది తుప్పుతో పట్టేసింది.

పట్టేసిన బోల్టు తియ్యడంలో మస్తాన్‌ని మించినవాడు ఆ వీధుల్లో లేడు. డీజిలు పోసి నానబెట్టి, వేడి చేసి, మైనం కరిగించి తాగించి, అలిగిన పిల్లని బుజ్జగించినట్టు బుజ్జగించి తీస్తాడు. "నేను తీస్తానండీ" అని ఆర్నెల్లుగా అడుగుతూనే ఉన్నాడు.

"ఉండు మస్తానూ. డాక్టరు గారు మెషీను తెస్తున్నారుగా, ముందు దాన్ని చూద్దాం" అంది హైమ.

ఆ డాక్టరు పేరు శ్రీవత్స. మనుషుల డాక్టరు కాదు, లోహాల మీద పరిశోధన చేసినవాడు. మడత నలగని చొక్కా, వెన్నలాంటి గొంతు. వచ్చిన రోజే హైమ అతనికి వాళ్ళమ్మ దాచుకున్న నీలిపూల కప్పులో టీ ఇచ్చింది. ఆరేళ్ళుగా మస్తాన్ తాగేది స్టీలు గ్లాసులో. ఆ కప్పు కంటబడితే చాలు, అతనికి ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

అందుకే నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు, పానాకి పొడుగాటి పైపు తొడిగి ఆ బోల్టుని ఇంకా ఇంకా బిగించాడు. టక్కుమని తల తెగి కింద పడింది. తల లేని బోల్టుని మెషీను దేన్ని పట్టుకుని తిప్పుతుంది? ఓడిపోతుంది. అప్పుడు హైమ తనవైపు తిరిగి, "ఇక నువ్వే తియ్యాలి మస్తానూ" అంటుంది. అతనికి కావలసిందల్లా ఆ ఒక్క మాట.

పొద్దున తెగిన తల చూసి హైమ మొహం చిన్నబోయింది. "అమ్మ బిగించింది" అంది.

శ్రీవత్స మాత్రం కంగారు పడలేదు. "తలతో పని లేదండి" అన్నాడు.

"మరి ఇదేం చేస్తుందయ్యా?" అన్నాడు లేతు మీద పనిచేసే ముసలి భద్రయ్య.

"ఇనుము మరిచిపోదు బాబాయ్ గారూ. ఎవరు బిగిస్తే వాళ్ళ చేతి ఒత్తిడి దాని లోపల గీతల్లా మిగిలిపోతుంది, గ్రామఫోను రికార్డులో పాటలాగా. ఈ సెన్సర్ ఆ గీతల్ని చదివి, వైబ్రేషన్‌గా మార్చి, వెనక నుంచి ముందుకి వినిపిస్తుంది. తనని బిగించిన చెయ్యే విప్పుతోందనుకుని బోల్టు వదులవుతుంది."

"మా ఆవిడ బిగించిన పచ్చడి సీసా మూత ఆవిడకి తప్ప ఎవడికీ రాదు. అదేనా?"

"అచ్చం అదే."

మస్తాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరు బిగిస్తే వాళ్ళ చెయ్యి.

తెర వెలిగింది. శ్రీవత్స చదివాడు. "చివరి చెయ్యి నిన్నటిది. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. కుడిచెయ్యి. మహా కోపంగా బిగించారు. చిత్రంగా ఉంది, ఉంగరం వేలి ఒత్తిడి సగమే పడింది."

అందరి చూపులూ మస్తాన్ చేతి మీద వాలాయి. ఆ వేలి పై కణుపుని ఎనిమిదేళ్ళ కిందట ఫ్యాను బెల్టు తినేసింది. చెయ్యి జేబులో దాచబోయి మానుకున్నాడు.

"నేనేనండీ" అన్నాడు.

"ఎందుకు?" అంది హైమ.

మస్తాన్ నీలిపూల కప్పు వంక చూశాడు.

"ఎందుకేంటమ్మా" అన్నాడు భద్రయ్య. "వారం నుంచీ పొయ్యి లేకుండానే ఉడుకుతున్నాడు."

యంత్రం సన్నగా మూలిగింది. బోల్టు కదిలింది. ముందు నిన్నటి కోపం వీడింది. దాని కింద ఇంకో చెయ్యి కనిపించింది, ఇరవై రెండేళ్ళ నాటిది. "ఆడవాళ్ళ చెయ్యి. చివర్లో ఒక్క పిసరు వెనక్కి తిప్పి మళ్ళీ బిగించే అలవాటు" అన్నాడు శ్రీవత్స.

"అమ్మ" అంది హైమ. ఊడి వచ్చిన బోల్టుని పిడికిట్లో దాచుకుంది. తర్వాత తల ఎత్తకుండానే అంది, "రేపట్నుంచి నువ్వు రావద్దు మస్తానూ."

అతను సామాను సంచిలో పానాలు ఒక్కొక్కటే సర్దుకోసాగాడు.

శ్రీవత్సకి ఒక్క లెక్కతో తృప్తి ఉండదు. రాగి చెవిని పక్క బోల్టు మీదికి జరిపాడు. తర్వాత ఆ పక్కదాని మీదికి. "హైమ గారూ, ఒక్కసారి ఇలా రండి. ఇదీ అదే చెయ్యి. ఇదీ అదే."

నలభై ఒక్క బోల్టులు. అన్నిటి మీదా ఆ సగం వేలు. ప్రతి నెలా మొదటి మంగళవారం, ఆరేళ్ళుగా, ఒక్క నెలా తప్పకుండా.

ప్రతి నెలా మొదటి బుధవారం హైమ ఆ జీపు వేసుకుని ఒక్కతే నూజివీడు వెళుతుంది, అమ్మ సమాధి దగ్గరికి.

"ఎంత నెమ్మదిగా బిగించారో చూడండి" అన్నాడు శ్రీవత్స. "కోపం ఆ ఒక్కదాని మీదే."

హైమ తెర మీదికి వంగి చూసింది. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"ఏమని చెప్పనండీ" అన్నాడు మస్తాన్. "బోల్టులు బిగించానని చెప్పాలా?"

"ఆ సంచి కింద పెట్టు."

లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. ఈసారి స్టీలు గ్లాసు శ్రీవత్సకి వచ్చింది. నీలిపూల కప్పు మస్తాన్ చేతికి వచ్చింది. భద్రయ్య దగ్గు నటించి లేతు దగ్గరికి పోయాడు.

మస్తాన్ కప్పు పట్టుకున్నాడు గాని తాగలేదు. ఆరేళ్ళలో తను చెప్పలేనిది ఆ ఇనప ముద్ద అర నిమిషంలో చెప్పేసింది. ఇప్పుడు హైమ దాని పక్కన కూచుని, రాగి చెవికి అంటిన గ్రీజుని చున్నీ అంచుతో మెల్లగా తుడుస్తోంది. "ఎంత బాగా విన్నావే" అంటోంది, దానితోనే. తనతో ఏనాడైనా ఆ గొంతుతో మాట్లాడిందా?

మళ్ళీ ఒళ్ళంతా కారం. యంత్రం వెనక మూతకి నాలుగు చిన్న స్క్రూలున్నాయి. రేపు భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు...

ఇనుము మరిచిపోదని గుర్తొచ్చింది. మస్తాన్ గబగబా టీ తాగేశాడు. నాలుక కాలింది.