రొట్టెల షెడ్డులో ఒంటికన్ను

మూతబడ్డ రొట్టెల బట్టీ వెనక రేకుల షెడ్డు ఒకటి ఉండేది. చలికాలం చీకటి పడ్డాక అటు వెళ్ళినవాళ్ళెవరూ వెళ్ళినట్టు తిరిగి రాలేదు. పోయారని కాదు నా ఉద్దేశం. ఒకడు చెప్పులొదిలేసి వచ్చాడు. ఒకడు సైకిలొదిలేసి వచ్చాడు. వీధి కాపలావాడు, ఆరడుగుల మనిషి, చేతికర్రతోపాటు నోటిమాట కూడా అక్కడే పారేసుకుని వచ్చాడు. చలికాలం వెళ్ళేదాకా సైగలతోనే బతికాడు!

ముందు కీచు... కీచు... అని చప్పుడు వస్తుందట. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత షెడ్డు లోపల, చిమ్మచీకట్లో, ఒక కన్ను తెరుచుకుంటుంది. ఒకటే కన్ను. నిప్పుకణికలాంటిది. రెప్పవెయ్యకుండా చూస్తుంది... చూస్తుంది... ఠక్కున మూసుకుంటుంది.

అది ఎవరి కన్నో కూడా జనం తేల్చేశారు. కిందటి చలికాలం రొట్టెలావిడ ప్రాణం పోయింది ఆ షెడ్డులోనే. మొగుడూ పెళ్ళాం తెల్లారకముందే వ్యానులో రొట్టెలు వేసుకుని దుకాణాలకు తిప్పేవారు. ఆవిడ పోయాక బట్టీ ఆరిపోయింది. వ్యాను షెడ్డులోనే ఉండిపోయింది. రొట్టెలాయన మనుషులతో మాట్లాడటమే మానేశాడు.

ఇక నా సంగతి. నేను డీజిల్ మేస్త్రీని. మామూలు మేస్త్రీని కాదు— నేను గట్టిగా దగ్గితే పక్కవీధిలో లారీలు స్టార్టయ్యేవి. ఒకసారి స్పానరు దొరక్కపోతే పళ్ళతో నట్టు విప్పాను. ఆ పన్ను ఇప్పటికీ వంకరే, కావాలంటే చూసుకోండి. అంతటివాడి సొంత వ్యాను ఆ చలికాలం మొండికేసింది. రొట్టెలాయన వ్యానూ నాదీ ఒకే రకం.

“ఊరి ఇంజిన్లన్నిటికీ వైద్యుడు, ఇంటి బండికి తోపుడుగాడు,” అని దెప్పింది మా ఆవిడ.

“గ్లో ప్లగ్గులు పోయాయే. మార్చాలి.”

“మారుద్దురుగానీ, రాత్రి నడిచొచ్చేటప్పుడు రొట్టెల సందులోంచి మాత్రం రావద్దు. మీ ధైర్యం మన గుమ్మం దాటగా నేనెప్పుడూ చూళ్ళేదు.”

అంత మాట అనిపించుకున్నాక ఏ దారిన వస్తాను? ఆ దారినే వచ్చాను. భుజాన పనిముట్ల పెట్టె... నోట్లోంచి పొగలా ఆవిరి... సందంతా నా అడుగుల చప్పుడే.

కీచు.

ఆగాను. అదీ ఆగింది.

రేకుల సందులోంచి... తెరుచుకుంది కన్ను.

నేను పారిపోలేదు. ధైర్యమనే ఊరంతా చెప్పుకుంది, నేనూ కాదనలేదు. కాళ్ళు బిగుసుకుపోతే ఎవడు పారిపోతాడు? అలా గుడ్లప్పగించి చూస్తూ ఉంటే— ఆ కన్నుకి కనుపాప లేదు. చుట్టలు చుట్టిన తీగ బొమ్మ ఉంది.

ఆ బొమ్మ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

డీజిల్ ఇంజిన్‌కి నిప్పురవ్వ ఉండదండీ. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే లోపల నూనె మండాలి. చలిలో ఇనుము ఆ వేడిని తాగేస్తుంది. అందుకని ప్రతి సిలిండర్‌లోకీ వేలెడంత గ్లో ప్లగ్గు ఒకటి దిగి ఉంటుంది. కీ సగం తిప్పితే అది ఎర్రగా కాలుతుంది, డ్రైవరు ముందు తీగ బొమ్మ దీపం వెలుగుతుంది. దీపం ఆరాకే మిగతా సగం తిప్పాలి. ముందే తిప్పావో— తెల్లపొగ, ఆపైన బ్యాటరీ హరీ.

“ఎవరది?” అని గర్జించాను. బయటికి పిల్లికూతలా వచ్చింది.

“నేనే అన్నా...”

స్టీరింగు వెనక రొట్టెలాయన. పక్కన ఒంటిచక్రం తోపుడుబండి. కీచుమన్నది అదే. ఇంట్లో చార్జి చేసిన బ్యాటరీని అందులో పెట్టి తెచ్చి వ్యానుకి తగిలిస్తున్నాడు... రాత్రి రాత్రీ.

“ఇదేం పనిరా తమ్ముడూ? ఊరు ఊరంతా జడుసుకు చస్తోంది.”

 దీపం వెలుగు వాడి గడ్డం మీద పడుతోంది.

“ఆగు...” అని గొణిగాడు.

“ఎవరితోరా?”

“అది ఆవిడ మాటన్నా. దీపం వెలగ్గానే నా ముంజెయ్యి పట్టుకునేది. ‘ఆగు, దాన్ని కళ్ళు మూసుకోనీ’ అనేది. నాకు తొందరెక్కువ కదా...”

“మరి ఆ రాత్రి?”

“ఆ రాత్రి వెనకాల గోనెల మీద పడుకోబెట్టాను. ఊపిరి అందట్లేదు తనకి. ముందుసీట్లో ఎవరూ లేరు... చెయ్యి పట్టుకోడానికి. దీపం ఆరకముందే తిప్పేశాను. తెల్లపొగ. మళ్ళీ తిప్పాను. మళ్ళీ... బ్యాటరీ పడిపోయింది. ఇంకో బండి కోసం వీధిలోకి పరిగెత్తి... తీసుకొచ్చేసరికి...”

దీపం ఆరింది. వాడి చెయ్యి కీ మీదే ఉండిపోయింది.

“తిప్పు మరి,” అన్నాను.

“తిప్పను.”

“ఏం?”

“స్టార్టయితే?” “ఆ రాత్రి కాస్త ఆగుంటే సరిపోయేదని తేలిపోతుంది కదన్నా. రోజూ తేల్చుకుందామనే వస్తాను. చెయ్యి రాదు.”

నేను మాట్లాడలేదు. నేను! మాట్లాడలేదు. వెళ్ళి బానెట్ ఎత్తాను. అది మా ఇద్దరి మధ్యా తెరలా లేచింది.

ప్లగ్గులన్నిటినీ కలిపే రేకుపట్టీ విప్పి జేబులో వేసుకున్నాను. నా దగ్గర తీగ కట్టిన చిన్న బల్బుంది. తీగ ఒక కొస బ్యాటరీకి పెట్టి, రెండోది ప్లగ్గు నెత్తిన ఆనించాలి. బల్బు వెలిగితే ప్లగ్గు బతికున్నట్టు. లేకపోతే కాలిపోయినట్టు.

మొదటిదానికి ఆనించాను.

వెలిగింది.

గబుక్కున గుప్పిట మూశాను. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారింది వెలుగు.

“చచ్చింది!” అని అరిచాను.

రెండోదీ వెలిగింది. “ఇదీ చచ్చింది!” మూడోదీ. నాలుగోదీ. గుప్పిట్లో బల్బు వేడికి అరచెయ్యి చురుక్కుమంది.

“అన్నీనా అన్నా?”

“అన్నీ. బొగ్గు.”

“మరి దీపం వెలుగుతోందిగా?”

“దీపానికేం తెలుసురా? రిలే అనే స్విచ్చు చెప్పినంతసేపు వెలిగి ఆరుతుంది. కింద ప్లగ్గు కాలిందో కాటికెళ్ళిందో దానికెవరు చెబుతారు?” ఆ రాత్రి నేను పలికిన నిజం అదొక్కటే. “ఇప్పుడు తిప్పు. దీపం ఆరాకే తిప్పు.”

ఆగాడు. తిప్పాడు. ఇంజిన్ మూలిగింది... తెల్లపొగ కక్కింది... మళ్ళీ మూలిగింది... నీరసించి నోరుమూసుకుంది. రేకుపట్టీ నా జేబులో ఉంటే అది ఎలా లేస్తుంది?

“అయితే... నేను ఆగినా...?”

“తెల్లారేదాకా ఆగినా కదిలేది కాదురా తమ్ముడూ.”

వాడు స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చాడు. ఏడాదిపాటు దాచుకున్న ఏడుపు అది. రేకులు కూడా వణికాయి. ఈ మాటలో మాత్రం అతిశయోక్తి లేదు.

చివరికి కళ్ళు తుడుచుకుని, “ఆ ప్లగ్గులు నాకిస్తావా?” అన్నాడు.

 “చచ్చినవాటిని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? తప్పు!” అని కసిరి, నాలుగూ ఊడదీసి నా పెట్టెలో వేసుకున్నాను.

ఆ తర్వాత కీచుమన్న చప్పుడు లేదు. కన్ను లేదు. వ్యాను తుక్కు కింద పోయింది. కొన్నాళ్ళకి బట్టీ చిమ్నీలోంచి పొగ లేచింది, సందంతా మళ్ళీ రొట్టెల వాసన. దెయ్యాన్ని జుట్టుపట్టి ఈడ్చేశానని నేను ఊరంతా చెప్పుకున్నాను. మా ఆవిడ ఒక్కతే నమ్మలేదు.

“మన బండి ఒక్క తిప్పుకే స్టార్టవుతోందే! కొత్త ప్లగ్గులేయించారా?”

“ఊఁ,” అన్నాను. నా పనితనం గురించి ఒక్క మాటైనా గొప్పగా చెప్పుకోనిది ఆ ఒక్కసారే.

రొట్టెలాయన కూడా ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయాడు గనక ఇప్పుడు చెబుతున్నాను. ఆ ప్లగ్గులు నా వ్యానులో ఇంకా బతికే ఉన్నాయి. చలి ఉదయాల్లో కీ సగం తిప్పుతాను, కన్ను తెరుచుకుంటుంది. ఒకసారి బండిలో ఒక్కణ్ణే ఉండి, ఏదో తొందరలో, అది మూసుకోకముందే తిప్పబోయాను.

ముంజేతి మీద... చల్లగా... చెయ్యి పడింది.

పక్కసీటు వైపు నేను చూడలేదు.

ఆగాను.