మఠం మట్టిలో దిష్టిపూస

అమెరికాలో, జార్జియా రాష్ట్రపు తీరంలో, చిత్తడి నేలల పక్కన ఓ పాత మఠం దిబ్బ ఉంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. ఎప్పుడో స్పెయిన్ సన్యాసులు కట్టిన మఠమట అది. కాలిపోయాక ఆ నేలలోనే చుట్టుపక్కల వాళ్లు తమ పిల్లాజెల్లాను పూడ్చుకున్నారు. ముసుగేసుకున్న సన్యాసి ఒకడు ఇప్పటికీ వాళ్లకి కాపలా కూర్చుంటాడని చెప్పుకుంటారు.

తేజేశ్వర్ అదే రాష్ట్రంలో కమ్మింగ్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ మనిషి. సెలవుల్లో సరదాకి, ఆ దిబ్బలో జరుగుతున్న పురావస్తు తవ్వకాల్లో మట్టి జల్లించడానికి వెళ్లాడు. ఓ పసిబిడ్డ గోతి మట్టిలో నిగనిగలాడే నల్లపూస దొరికింది. అచ్చం మన దిష్టిపూసే! ఇంట్లో ఉన్న పది నెలల కూతురు దియ కళ్లలో మెదిలింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది...

"ఆన్‌లైన్‌లో తెప్పించా," అన్నాడు భార్య శ్రీవిద్యతో. ఆమె మురిసిపోయి పాప చేతికి కట్టింది.

ఆ సాయంత్రం మొదలు — దీపాలు పెట్టే వేళకి పాప వాకిలి వైపు చూసి గుక్కపట్టి ఏడ్చేది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నాడు.

"ఏ పాపిష్టి కన్ను పడిందో!" అంటూ శ్రీవిద్య ఉప్పు తిప్పి దిష్టి తీస్తుంటే, తేజేశ్వర్ తల వంచుకునేవాడు.

ఇంతలో తవ్వకాల పెద్ద, ప్రొఫెసర్ హెలెన్ కబురు పెట్టింది. దొరికిన వస్తువులు ఎవరివి వాళ్ల పక్కనే వదిలి, రేపు గోతులు పూడ్చేస్తారట.

దారం మార్పిస్తానని పూస విప్పాడు. ఆఫీస్ పనని చెప్పి కార్ తీశాడు. దిబ్బ చేరేసరికి చీకటి పడింది. కీచురాళ్లు కూడా అరవడం లేదు. గోతి దగ్గరికి వెళ్లి టార్చ్ వేశాడు —

ముసుగు!

గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది. కదలదు... మెదలదు...

"తప్పయిపోయింది..." అన్నాడు తేజేశ్వర్, తెలుగులోనే.

ముసుగు వెనక్కి జారింది. తెల్లజుట్టు, రెయిన్‌కోటు — హెలెన్!

"పూడ్చే ముందు వీళ్ల దగ్గర కాసేపు కూర్చుంటాను," అందామె మెల్లగా. "నువ్వు జేబులో వేసుకోవడం ఆ రోజే చూశాను."

"మరి అడగలేదేం?"

"అడిగితే నాకిచ్చేవాడివి. ఇవ్వాల్సింది ఆ బిడ్డకి. చెడు కన్ను తగలకుండా వాళ్లమ్మ కట్టింది."

తేజేశ్వర్ గోతిలోకి దిగి, ఆ పుల్లలాంటి మణికట్టు పక్కన పూస పెట్టాడు.

జేబులో ఫోన్ మోగింది. శ్రీవిద్య.

"ఏవండీ, పాప ఇప్పుడే ఏడుపు ఆపేసింది!" అంది. అంతలోనే గొంతు తగ్గించింది. "కానీ... వాకిలి వైపు చెయ్యి ఊపుతోందండీ. ఎవరికో టాటా చెబుతున్నట్టు."