ఎనిమిదో పేరు

రోలాండ్ పెనం మీద అట్టు తిప్పుతూనే ఫోన్లో తరగతి జాబితా చూసింది. నిన్న సాయంత్రం ఎనిమిది పేర్లున్నాయి. ఇప్పుడు ఏడే ఉన్నాయి. పోయిన పేరు కూతురు మిరేయిదని చూశాక పొయ్యి కట్టేసింది.

ఆమె పనిచేసే విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషూ ఫ్రెంచీ సమానమేనని గేటు మీదే రాసుంటుంది. తరగతులు మాత్రం తలలు లెక్కపెట్టి నడుపుతారు. వచ్చే టర్ములోనూ ఫ్రెంచిలో నర్సింగ్ చెప్పాలంటే ఎనిమిది మంది ఉండాలి, గడువు ఇవాళ మధ్యాహ్నం. ఆ ఎనిమిది మందినీ రోలాండ్ కాళ్లావేళ్లా పడి పోగేసింది.

"ఇంగ్లీషు సెక్షన్‌కి మారావా?"

మిరేయి కప్పులోంచి తలెత్తలేదు. "రాత్రి మారాను. చెబుదామనుకున్నా."

"ఎప్పుడు? తరగతి మూసేశాకా?"

"ఆస్పత్రిలో ప్రాక్టీసుకి వెళ్తే మేం ఎనిమిది మందిమీ ఫ్రెంచి వాళ్లమే అమ్మా. నేర్పే ఆవిడ ఒక్కతే ఇంగ్లీషు. ఆవిడ గదిలోకొస్తే చాలు, అందరం ఇంగ్లీషులోకి దూకుతాం. చదివేదొకటి, చేసేదొకటి. నా వల్ల కావట్లేదు."

"నీ కష్టం నువ్వు చూసుకున్నావు. మీ అమ్మమ్మలాంటి వాళ్లు అక్కడ మంచాన పడితే, నొప్పెక్కడని వాళ్ల మాటలో అడిగేదెవరే?"

"అమ్మమ్మ పేరెత్తకు."

"ఎందుకెత్తకూడదు?"

"పోయేదాకా పదకొండేళ్లు ఈ బల్ల దగ్గరే కూర్చుందిగా. నాన్న గనినుంచి రాగానే మనం ఆవిడకి రాని ఇంగ్లీషులోకి మారిపోయేవాళ్లం. ఆవిడ చెంచా కింద పెట్టి కిటికీలోకి చూసేది. నీకు అర్థమైందా అమ్మా అని ఒక్కసారైనా అడిగావా? ఆస్పత్రి దాకా ఎందుకు, ఆవిడ నోరు మనింట్లోనే మూతపడింది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఫ్రెంచి కోసం రచ్చలో ఇరవై రెండేళ్లు పోట్లాడిన రోలాండ్, ఇంట్లో ఎప్పుడో ఓడిపోయింది. ఆ సంగతి ఇవాళ్టిదాకా ఎవరూ చెప్పలేదు.

మిరేయి కళ్లు తుడుచుకుంది. "కావాలంటే మళ్లీ పేరు రాస్తాలే."

"వద్దు. నా కోసం కూర్చుంటే ఎన్నాళ్లు కూర్చుంటావు?"

మధ్యాహ్నం పన్నెండున్నరకి, తరగతి రద్దయిందన్న నోటీసును రోలాండ్ తన చేత్తోనే టైపు చేసింది. నియమం ప్రకారం రెండు భాషల్లోనూ చేసింది. ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా ఫోన్ చేసి ఎందుకని అడగలేదు.

సాయంత్రం తల్లీకూతుళ్లు పచ్చబఠాణీ సూప్ కాస్తూ అమ్మమ్మ గురించే మాట్లాడుకున్నారు. ఉప్పు విషయంలో ఆవిడ పెట్టిన పేచీలు, పక్కింటావిడకి పెట్టిన మారుపేర్లు తలుచుకుని, చాన్నాళ్ల తర్వాత ఇద్దరూ ఫ్రెంచిలో కడుపుబ్బా నవ్వుకున్నారు.

సూప్ వడ్డించుకుని బల్ల దగ్గర కూర్చునేసరికి తలుపు చప్పుడైంది. రోలాండ్ భర్త వెండెల్ బూట్లకంటిన మంచు దులుపుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు మనిషి అతనొక్కడే. ఇద్దరూ మాట మధ్యలో ఆగారు.

"ఆపారేం? కానివ్వండి. అర్థం కాకపోయినా వింటూ కూర్చుంటాను," అన్నాడతను. పాపం, ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

"ఏం లేదు, అమ్మ గురించి అనుకుంటున్నాం. ఆవిడకి ఉప్పు ఎక్కువుండాలిగా..." అంటూ రోలాండ్ కథంతా మళ్లీ మొదలుపెట్టింది. సగం చెప్పాక గానీ తెలియలేదు, చెబుతున్నది ఇంగ్లీషులోనని. మళ్లీ ఫ్రెంచిలోకి తిప్పుదామని చూస్తే నోరు తిరగలేదు.

మిరేయి బల్ల కింద తల్లి చెయ్యి పట్టుకుంది. రోలాండ్ చెంచా కింద పెట్టి, కిటికీలోకి చూస్తూ ఏడ్చింది.