పాలలో నీలం

కాసులమ్మ కుర్చీలో కూర్చోలేదు. శ్రీరామ్మూర్తి రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె గుమ్మం పక్కనే నిలబడి, పాత బిస్కెట్ల డబ్బా ఒకటి రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

"మీరు దొంగల్ని పడతారంట గదా," అంది. "మా ఆయన దొంగ కాడని సెప్పడానికి ఏటి తీసుకుంటారు?"

"ముందు కూర్చోండమ్మా."

"కూకోడానికి రానేదు బాబూ."

1982 జూన్ నెలాఖరు. వానలు ఇంకా పట్టలేదు. విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర ఒక మేడమీద గది అది. శ్రీరామ్మూర్తి ఇరవై రెండేళ్ళు పోర్టు కస్టమ్స్‌లో రత్నాలకు విలువ కట్టి, ఉద్యోగం మానేసి, ప్రైవేటు డిటెక్టివ్‌గా కుదురుకున్నాడు. సహాయకుడు అర్జునరావు యారాడ మనిషి. ఒకప్పుడు రేవులో మూటలు మోసేవాడు. ఓడ దిగే నావికుల వేళ్ళూ మెడలూ చూసి శ్రీరామ్మూర్తి వాళ్ళ దేశం చెప్పేస్తుంటే విని, ఆ రోజునుంచే ఆయన వెంట పడ్డాడు. ఫిరోజా ఉంగరం పెర్షియావాళ్ళది. పసిపిల్లల మెడలో పగడపు కొమ్మ కట్టేది ఇటలీవాళ్ళు. "ఏ దేశంవాడైనా రాయి ఒంటికి తగలాలనే కోరుకుంటాడు అర్జునా. భయం అన్నిచోట్లా ఒకటే," అనేవాడు శ్రీరామ్మూర్తి.

కాసులమ్మ భర్త వీరాచారి పైడయ్య గుప్త నగల దుకాణంలో ముప్ఫై ఏళ్ళు రాళ్ళు పొదిగాడు. మే మొదటివారంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన పొదిగిన చివరి ఉంగరం ఒక సింహళపు నీలానిది. కొన్నవారు మద్రాసులో పరీక్ష చేయిస్తే రాయి అసలుది కాదని, యంత్రంలో తయారైనదని తేలింది. అసలు రాయిని ఆచారి మింగేశాడని గుప్త ఊరంతా చెప్పాడు. వాళ్ళుంటున్న ఇల్లు దుకాణం వెనుక గది. శనివారం లోపల ఖాళీ చెయ్యమన్నాడు.

"కొళాయి కాడ నా బిందె కాలితో తన్నేసినారు. అది పోనీండి. ఆయన పనిముట్లు గుప్తగారు బీరువాలో పెట్టి తాళం ఏసీసినారు. మాలో పనోడు పోతే ఆ పనిముట్లు ఇంకో పనోడు దణ్ణం పెట్టుకుని తీసుకుంటాడు. దొంగ పట్టకారు నాకొద్దు, నాకొద్దు అంటన్నారు అందరూ." ఆమె డబ్బాను ఇంకా గట్టిగా అదుముకుంది. "ఆయన మాటాడ్నేడు గదా, అందుకే ఊరంతా మాటాడతంది."

"ఆ డబ్బాలో ఏముంది?"

"ఒంటింట్లో ఉండిపోయింది. సెత్త అనుకుని ఒగ్గేసినారు."

డబ్బాలో ఒక కళ్ళజోడు ఉంది. రెండు చిన్న నీలిగుడ్డ సంచులు, దారం కోసినవి. మూడు లక్క ముద్దలు. ఒక్కొక్క ముద్ద మధ్య చిక్కుడుగింజంత గుంట. ఒకదాని పక్కన గోటితో గీసినట్టు ఒక గీత, ఇంకోదానికి రెండు, మూడోదానికి మూడు.

శ్రీరామ్మూర్తి సంచులను వెలుతురులో పెట్టి చూశాడు. ఒకటి అట్టకట్టి, అంచుల్లో తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. రెండోదానికి గంజి మడత ఇంకా పోలేదు.

"ఆచారిగారి చూపు ఎలా ఉండేది?"

"శుక్లాలు. ఆకర్న ఆయన కళ్ళని ఆయనే నమ్మడం మానీసినాడు."

"ఎందుకని?"

కాసులమ్మ డబ్బా మూత వేసి, మళ్ళీ తీసి, బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

*

పైడయ్య గుప్త వాళ్ళను దుకాణం లోపలికి రమ్మనలేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే మాట్లాడాడు.

"చచ్చినవాడి మీద నాకు పగేమిటండీ? లెక్క తేటగా ఉంది. నీలం అందరికీ పడదు. పడితే అందలం, పడకపోతే సర్వనాశనం. అందుకని కొనేముందు పరీక్షకి ఇస్తాం. రాయిని నీలిగుడ్డలో పెట్టి ఆచారి కుట్టేస్తాడు. వాళ్ళు దాన్ని కుడి దండకి, మోచేతి పైన, కట్టుకుని మూడు రాత్రులు పడుకుంటారు. సంచి విప్పకూడదు. పడకపోతే తెచ్చిచ్చేస్తారు."

"ఎందరు తీసుకెళ్ళారు?"

"ఇద్దరే. మార్చిలో తాతబాబని, ఫిషింగ్ హార్బరులో బోటు ఓనరు. ఏప్రిల్లో కాంట్రాక్టరు గురునాథరావుగారు. ఇద్దరికీ పడలేదు. తెచ్చిన ప్రతిసారీ ఆచారి కుట్టు విప్పి, రాయి కడిగి నాకిచ్చేవాడు. నేను పదిమంది ముందు పరీక్ష చేశాను. వెండిగిన్నెలో ఆవుపాలు పోసి రాయి వేస్తే, అసలు నీలమైతే పాలు నీలంగా మెరుస్తాయి. మా తాతగారి నాటినుంచీ అదే మా పరీక్ష. రెండుసార్లూ పాలు మెరిశాయి. ఆ తరవాత రాయి వెళ్ళింది ఒక్క ఆచారి చేతిలోకి. ఇంకేం కావాలి మీకు?"

"ఆచారి ఎప్పుడైనా మీతో ఏమైనా అన్నాడా?"

గుప్త చూపు తిప్పుకున్నాడు. "ముసలాడు ఏవో గొణిగేవాడు. శనివారం పదకొండింటికి పోలీసు హెడ్డుగారు వస్తారు. ఆవిడ సామాను బయట పెట్టిస్తాను. మీకు చూడాలనుంటే రండి."

బయటికి వచ్చాక అర్జునరావు ఉమ్మేశాడు. "సార్, ఈడి పాలు ఇరిగిపోను."

"పాలు నిజంగానే మెరిసి ఉంటాయి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

*

తాతబాబు బోటు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఏటి పోయినా ముందు మా కాడికే వత్తారేటి బావా?" అన్నాడు అర్జునరావుతో. "కస్టమ్సు బాబుని కూడా ఎంటేసుకొచ్చినావు. సోదా సెయ్యండి. సేపల పొట్టలు కూడా కోసి సూసుకోండి."

"సోదాకి కాదులే బావా. సారు అడిగినదానికి సెప్పు."

"రాయి ఎలా కట్టుకున్నావు?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"దండకి. మూడు రాత్రులు. ఇంజను ఆగిపోయింది. యారాడ కొండ కింద వల రాయికి పట్టీసింది. ఇడిపించడానికి నానే నీళ్ళలోకి దిగినాను."

"సంచితోనే?"

"ఇప్పితే ముప్పని ఆచారిగారు సెప్పినారు. ఇప్పుతానేటి? నాలుగోరోజు పొద్దున్నే పట్టికెళ్ళి ఆయన సేతిలో ఎట్టీసినాను. ఆయన ఆ సంచి వాసన సూసి నవ్వినాడు. మంచోడు." తాతబాబు అప్పుడు తల ఎత్తాడు. "ఆయన్ని దొంగంటే నాను ఒప్పుకోను. నన్నన్నా ఒప్పుకోననుకోండి."

*

గురునాథరావుకు ఉక్కు కర్మాగారం వైపు నేల చదునుచేసే పనులున్నాయి. వరండాలో నిలబడే మాట్లాడాడు. ఆ ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు పెట్టి ఉన్నాయి.

"ఒక దొంగ పెళ్ళాం పిలిస్తే మీరు నా ఇంటికొస్తారా?"

"రెండే ప్రశ్నలు. నీలం మీకు ఎందుకు పడలేదు?"

"జ్వరమొచ్చింది. కారు గుద్దుకుంది. తిరిగిచ్చేశాను."

"మూడు రాత్రులకు తీసుకెళ్ళి తొమ్మిది రాత్రులు ఉంచుకున్నారని గుప్త పద్దులో ఉంది."

"సైటులో పని. కుదరలేదు. అయినా పద్ధతి తప్పలేదు. ఆ తొమ్మిది రోజులూ సంచి దండనుంచి తీయలేదు, స్నానానికి కూడా. పగలంతా దుమ్ములో, ఎండలో తిరిగాను. సరేనా?" అంటూ ఎడమచేత్తో కుడి దండ నిమురుకున్నాడు. "ఇక వెళ్ళండి. మళ్ళీ వస్తే కుక్కని వదుల్తాను."

గేటు దాటాక అర్జునరావు అన్నాడు. "కుక్క నేదు సార్. నాను సూసినాను."

ఆ రోజంతా శ్రీరామ్మూర్తి నవ్వింది ఆ ఒక్కసారే.

*

శనివారం పదకొండింటికి దుకాణం నిండింది. గుప్త, హెడ్ కానిస్టేబులు, వీధిలోని నలుగురు నగల పనివాళ్ళు వచ్చారు. రాయి గురించి సాక్షి సంతకం కావాలని హెడ్డు కబురుపెడితే గురునాథరావు వచ్చాడు. అర్జునరావు పిలిస్తే తాతబాబు వచ్చాడు. కాసులమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమెకు ఎవరూ చోటివ్వలేదు, ఆమె అడగలేదు.

"త్వరగా కానివ్వండి. దాని మొహం చూస్తూ నిలబడ్డానికి రాలేదు," అన్నాడు గురునాథరావు.

"గుప్తగారూ, వెండిగిన్నెలో పాలు పోయించండి," అన్నాడు శ్రీరామ్మూర్తి.

పాలు వచ్చాయి. ఆయన జేబులోంచి ఏదో తీసి గిన్నెలో వేశాడు. అందరూ వంగి చూశారు. తెల్లటి పాల మధ్య నీలిరంగు వెలుగు కదిలింది.

"అసలు నీలమే!" అన్నాడు గుప్త. "ఎక్కడ దొరికింది?"

"మా ఇంటి పెరట్లో. మందుసీసా పెంకు." ఆయన దాన్ని తీసి బల్లమీద పెట్టాడు. "నీలంగా ఉన్నదేదైనా పాలలో నీలంగానే కనిపిస్తుంది. మీ తాతగారినాడు యంత్రపు రాళ్ళు లేవు. ఆయన పరీక్షతో ఆయనకు పని జరిగిపోయింది. మీరు దాన్ని పట్టుకుని ఒక మనిషిని దొంగను చేశారు. అసలు రాయి ఎప్పుడు మారిందో ఆ పాలు మీకు చెప్పలేదు."

గుప్త ఆ పెంకును వేలితో తిప్పి చూశాడు.

"ఆచారి పాలను నమ్మలేదు. ఆయన నమ్మింది లక్కని. పొదిగే రాయికి గూడు సరిగ్గా చెయ్యాలంటే దాని అడుగు అచ్చు తీసుకోవాలి. ఒక గీత ముద్ద, రాయి దుకాణానికి వచ్చిన రోజుది. రెండు గీతలది, తాతబాబు తెచ్చినప్పటిది. మూడు గీతలది, గురునాథరావుగారు తెచ్చినప్పటిది." ఆయన మూడింటినీ పనివాళ్ళ ముందుకు తోశాడు. "మీరే చూడండి. మీకు నేను చెప్పాలా?"

వాళ్ళలో పెద్దాయన మూడు ముద్దలనూ వెలుతురులోకి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి రెండూ ఒక రాయివి. సింహళంలో సేత్తో సాన పట్టినది. బరువు పోకండా అడుగు కొయ్యకండా ఒగ్గేసినారు, ఒక పక్కకి ఒరిగుంది." మూడోది ఎత్తాడు. "ఇది యంత్రం కోసింది. అన్ని పక్కలా ఒకటే కొలత."

శ్రీరామ్మూర్తి మద్రాసునుంచి తిరిగొచ్చిన ఉంగరంలోంచి తీసిన రాయిని గుప్త దగ్గర అడిగి తీసుకుని మూడో గుంటలో పెట్టాడు. కదలకుండా కూర్చుంది.

"లక్క ముద్దలు ఎవడైనా చేస్తాడు. చచ్చేముందు ముసలాడే అల్లి ఉంటాడు," అన్నాడు గురునాథరావు.

"అనొచ్చు. అందుకే ఈ సంచులు." శ్రీరామ్మూర్తి రెండూ పక్కపక్కన పరిచాడు. "ఇది తాతబాబు మూడు రోజులు కట్టుకున్నది. చెమట, సముద్రపు ఉప్పు, చేపల వాసన. ఇది మీరు ఏప్రిల్ ఎండలో, దుమ్ములో, స్నానానికి కూడా తీయకుండా తొమ్మిది రోజులు కట్టుకున్నది. దీని గంజి కూడా పోలేదు. ఈ సంచి మీ దండమీద ఒక్క పూట కూడా లేదు. తీసుకెళ్ళగానే కుట్టు కోశారు. రాయి తీసుకుని, ఓడలవాళ్ళ దగ్గర ముందే కొనిపెట్టుకున్న యంత్రపు రాయిని లోపల పెట్టి కుట్టారు."

"తీసినవాణ్ణి ఎక్కడో అమ్ముకోనా? సోదా చేసుకోండి ఇల్లు!"

"మీరు అమ్మరు. నమ్మినవాడు నీలాన్ని అమ్మడు. అది ఒంటికి తగలకపోతే పని చెయ్యదు. వేలికి పెడితే ఊరంతా చూస్తుంది. హెడ్డుగారూ, వారి కుడిచేతి చొక్కా పైకి మడవమనండి."

గురునాథరావు గుమ్మం వైపు కదిలాడు. అక్కడ తాతబాబు నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి బాబూ? సోదా సేసుకోండని నాను నిలబణ్ణేదా?"

దండకు వెండి తాయెత్తు ఉంది. చర్మం వైపు తెరిచి ఉంది. అందులోని రాయిని శ్రీరామ్మూర్తి ఊడదీసి, ఒక గీత ఉన్న గుంటలో పెట్టాడు. ఒరిగిన అడుగు ఒరిగిన చోటే దిగింది.

"అది నాకు పడింది," అన్నాడు గురునాథరావు. గొంతులో ఇంకా కోపమే ఉంది. "కట్టుకున్న రెండో రోజే పని వచ్చింది. పడిన రాయిని ఇంకోడి చేతికి పోనిస్తానా? ముసలాడు ఎలాగూ పోయేవాడే. వాడికేం నష్టం?"

హెడ్డు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గుప్తగారూ, ఇప్పుడు చెప్పండి. ఆచారి మీతో ఏం గొణిగాడు?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

గుప్త గల్లాపెట్టె వైపు చూస్తూ చెప్పాడు. "రాయి తేడాగా ఉంది బాబూ అన్నాడు. పాలు చూడు, నీ కళ్ళు పోయాయి ఆచారీ అన్నాను. నలుగురి ముందూ అన్నాను." లేచి బీరువా తాళం తీశాడు. పనిముట్ల మూట బల్లమీద పెట్టాడు. గది సంగతి ఇక ఎత్తలేదు.

పెద్దాయన మూట విప్పి, పట్టకారు కళ్ళకద్దుకున్నాడు. "వదినా, ఇది నాకియ్యండి."

కాసులమ్మ వినలేదు. ఆమె బల్ల దగ్గరికి వచ్చింది.

"నన్ను కూడా అడిగినాడు బాబూ," అంది శ్రీరామ్మూర్తితో. "గుప్తగారు తిట్టిన రోజు. రెండు ముద్దలు పట్టుకుని ఒంటింట్లోకి వచ్చినాడు. కాసులూ, నీ కళ్ళు మంచివి, ఇవి రెండూ ఒకటేనా సూసి సెప్పు అన్నాడు. పొయ్యి మీద అన్నం మాడతంది. నాను సూడనేదు. ఒకటే, ఎల్లి పడుకోండి అన్నాను. మరి అడగనేదు. ఎల్లి పొదిగీసినాడు."

శ్రీరామ్మూర్తి ముద్దలను ఆమె వైపు జరిపాడు.

ఆమె రెండు గీతల ముద్దను ఒక చేతిలోకి, మూడు గీతల ముద్దను ఇంకో చేతిలోకి తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. మధ్యాహ్నపు ఎండ ఆమె అరచేతుల్లో పడుతోంది. ఒక్కొక్క గుంటనూ వేలితో తడిమింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. వీధిలో కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు ఆపి ఆమెనే చూస్తున్నారు.

"ఏరేరు," అంది కాసులమ్మ, పక్కన ఉన్న మనిషికి చెప్పినట్టు. "రెండూ ఏరేరు."