నాలుగో స్క్రూ

నగరిలో మధ్యాహ్నం కరెంటు పోతే ఊరికి ఊరే చెవిటిదైనట్టుంటుంది. మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అలాంటి మధ్యాహ్నం ఒకటి, హరినాథ్ తన స్నేహితుడి షెడ్డులో లేత్ మిషన్ ముందు చతికిలబడి ఉన్నాడు.

స్నేహితుడు గిరిప్రసాద్ పోయి ఇరవై రోజులు. ఈ మిషన్ దగ్గరే, కోసే పనిముట్టు బిగించే స్లైడ్‌ను జరిపే పిడి పట్టుకునే కుప్పకూలిపోయాడు. పదహారేళ్లు ఇద్దరూ ఇక్కడే కలిసి పనిచేశారు. పాడె మోసినా హరినాథ్ కంట చుక్క రాలేదు. లోపలంతా తిమ్మిరి పట్టినట్టుంది, అంతే.

"దినామూ ఈ యాళకి ఆ పిడి తిరిగే సప్పుడు ఇనపడతాండాదన్నా," అంది గిరిప్రసాద్ భార్య పంకజాక్షి, నిన్న ఇంటికొచ్చి. "బిడ్డ పోయి ఆడనే నిలబడుకుంటాది. నాయన పిలస్తాండాడు అంటాది. ఊడదీసెయ్యన్నా దాన్ని."

రాత్రే స్లైడ్‌ను బిగించిన నాలుగు స్క్రూల్లోనూ డీజిల్ పోసి నాననిచ్చాడు. సుత్తితో నాలుగు తట్లు తట్టేసరికి మూడు వచ్చేశాయి. డీజిల్ వాసన, పాత గ్రీజు వాసన. నాలుగోది మొండికేసింది. స్క్రూడ్రైవర్ ఆనించి కొట్టాడు. ఠక్... ఠక్... చివరికి తిప్పితే కిర్రుమని రెండు చుట్లు వదిలింది.

ఊపిరి తీసుకుందామని చేయి తీశాడు.

స్క్రూడ్రైవర్ పడిపోలేదు. నిటారుగా నిలబడే తిరుగుతోంది... మెల్లగా... బిగుసుకునే వైపు.

హరినాథ్ దాన్ని పట్టుకున్నాడు. అవతల కూడా ఒక పట్టు ఉంది. ఎరిగిన పట్టే. భయం వేయాలి కదా అనుకున్నాడు. వేయలేదు.

"గిరీ..." అన్నాడు గొంతు దించి. "బిడ్డ చిన్నదప్పా. ఇడిసిపెట్టు."

పట్టు సడలింది. స్క్రూ వెన్నలోంచి వచ్చినట్టు వచ్చింది.

గుమ్మంలో పంకజాక్షి. "ఎవురితో మాట్లాడతాండావన్నా?"

"ఎవురూ లేరమ్మా. బిడ్డను ఈడికి రానీబాక."

ఆమె వెళ్లాక స్లైడ్‌ను రెండు చేతులా లాగి గోనెపట్టా మీద పెట్టాడు. దాని కింద ఏళ్లనాటి గ్రీజు నల్లగా అట్టకట్టి ఉంది. ఆ నలుపు నడుమ, లేత్ కోసేటప్పుడు లేచే ఇనుప పొట్టు, సన్నని చుట్టగా. అప్పుడే కోసినట్టు నీలంగా ఉంది. పొగ వస్తోంది.

తాకాడు. వేలికొన బొబ్బెక్కింది. నొప్పి తెలియలేదు.

అతను చూస్తుండగానే... కరెంటు లేని ఆ మిషన్ మీద ఆ పొట్టు ఇంకో చుట్టు పొడుగైంది.